మాస్టారికి గుర్తులేదు: ఒక కేసు

క్షమాపణ కోసం వచ్చే క్లయింట్లు మానసిక చికిత్స చేసే మా వృత్తిలో కొత్తేమీ కాదు. అత్తగారు తప్పు ఒప్పుకోవాలి, అన్నయ్య సారీ చెప్పాలి, పాత మేనేజరు తల దించుకోవాలి. ఈ కేసూ అలాగే మొదలైంది. దీన్ని రాసిపెట్టడానికి కారణం వేరు. హాని చేసిన మనిషి దొరికాడు, బతికే ఉన్నాడు, ప్రేమగా మాట్లాడాడు కూడా. తను చేసిన పని మాత్రం ఆయనకి ఏ మూలా గుర్తులేదు. అబద్ధమాడేవాడు ఎదురైతే ఏం చేయాలో మా చదువులో ఎంతోకొంత ఉంది. నిజంగా మర్చిపోయినవాడు ఎదురైతే బాధపడ్డ మనిషి ఎటు పోవాలన్నది అంత తేలిగ్గా తెమిలే ప్రశ్న కాదు.

క్లయింట్ అనుమతితోనే రాస్తున్నాను. రాసింది చదివి రెండుచోట్ల మార్పించారు. ఊళ్లు, ఉద్యోగం, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

నలభై దాటిన మనిషి. విశాఖలో పోర్టు పనుల మీద ఆధారపడిన ఒక సంస్థలో అకౌంట్స్ విభాగం. భార్య, ఒక కూతురు. పుట్టి పెరిగింది ఉత్తరాంధ్రలో ఒక పల్లె, చదివింది ఒక రెసిడెన్షియల్ స్కూల్లో. మాటలు వచ్చినప్పట్నుంచీ నత్తి.

నత్తి గురించి ఒక్క మాట. పిల్లల్లో నూటికి ఐదుగురికి ఏదో ఒక వయసులో వస్తుంది, ఎక్కువమందికి దానంతటదే పోతుంది. పెద్దవాళ్లలో నూటికి ఒకరికి మిగులుతుంది, వాళ్లలో మగవాళ్లే చాలా ఎక్కువ. భయం వల్ల నత్తి పుట్టదు. మెదడు మాటను నడిపించే తీరులో, వంశంలో దాని మూలాలున్నాయి. కానీ భయం తోడైతే ముదురుతుంది. మాట ఆగుతుందన్న భయంతో ఆ మాటనే తప్పించడం మొదలవుతుంది. తరవాత ఆ మాట అనాల్సిన చోటుకి వెళ్లడం మానేస్తారు. పైకి వినిపించే తడబాటు కంటే లోపల నడిచే ఈ తప్పించుకోవడమే పెద్ద జబ్బు.

తొమ్మిదో తరగతిలో తెలుగు మాస్టారు ఇతన్ని రోజూ లేపి పద్యం చదివించేవారు. తడబడగానే "ఏరా టైపు మిషనూ, కానీ" అనేవారు. క్లాసంతా బల్లల మీద వేళ్లతో టకటకా కొట్టేది. పాదం ఎలాగో ముగిస్తే అందరూ కలిసి "టింగ్!" అనేవారు. టైపు ఇన్‌స్టిట్యూట్లు వీధివీధికీ ఉన్న రోజులవి. వరస చివరికొచ్చాక మిషన్ కొట్టే గంట ఆ శబ్దం. హాస్టల్లో, మెస్ లైన్లో, చివరికి స్నానాల దగ్గర కూడా అదే పేరు, అదే గంట. రెండేళ్లు నడిచింది.

ఆ తరవాతి జీవితం వరసగా చెప్పుకుంటూ పోతే ఒక్కటే దారి కనిపిస్తుంది. లా చదవాలన్న కోరిక వదిలి కామర్స్‌లో చేరాడు. కౌంటరులో కూర్చుని మాట్లాడాల్సి వస్తుందన్న భయంతో బ్యాంకు పరీక్షే రాయలేదు. ఆఫీసులో పైమెట్టుకి వెళ్తే మీటింగుల్లో మాట్లాడాలి కాబట్టి రెండుసార్లు వద్దన్నాడు. అదంతా తన స్వభావం అనుకున్నాడు, ఇంట్లోవాళ్లూ అలాగే అనుకున్నారు: "మా ఆయన మితభాషి మేడం."

వచ్చిన ఇబ్బంది

నా దగ్గరికి పంపింది ఫిజీషియన్. ఛాతీ పట్టేస్తోందని అర్ధరాత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. ఈసీజీ, ట్రోపోనిన్, ఎకో, గుండె పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. బీపీ కొంచెం ఎక్కువ. నిద్ర లేదు, ఆఫీసులో ఫోన్ ఎత్తడం మానేశాడు, కూతురి మీద కారణం లేకుండా అరుస్తున్నాడు.

ఎప్పట్నుంచి అని అడిగితే "పెళ్లి దగ్గర్నుంచి" అంది భార్య. బంధువుల పెళ్లి, ఎంవీపీ కాలనీ వైపు ఫంక్షన్ హాలు. భోజనాల దగ్గర ఎవరో పిలిస్తే తిరిగి చూశాడు. మాస్టారు. తెల్లటి పంచె, చేతికర్ర, పక్కన మనవడు. ఫలానా ఊరి స్కూలు అనగానే ఆయన ముఖం విప్పారింది. "మా పిల్లలందరూ మంచి పొజిషన్లో ఉన్నారు బాబూ, చాలా సంతోషం" అని నెత్తి మీద చెయ్యి పెట్టారు. ఇతను వంగి కాళ్లకి దండం పెట్టాడు.

ఆ దండమే అతన్ని తినేస్తోంది. "నా నడుము నన్నడక్కుండానే వంగింది మేడం" అన్నాడు. ఆ వాక్యం పూర్తికావడానికి చాలాసేపు పట్టింది. నేను మధ్యలో అందివ్వలేదు. నత్తి ఉన్నవాళ్ల వాక్యాన్ని మనం పూర్తిచేస్తే సాయం చేసినట్టు కాదు.

డయాగ్నసిస్ దగ్గర కొంత ఆలోచించాల్సి వచ్చింది. పీడకలలు, ఆ శబ్దం చెవిలో మోగడం, స్కూలు యూనిఫాంలో పిల్లలు కనిపిస్తే దారి మార్చడం చూస్తే పీటీఎస్‌డీలాగే (ఘోరమైన అనుభవం తరవాత మిగిలే మానసిక గాయం) ఉంది. కానీ 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక రుగ్మతల్ని నిర్ధారించే అమెరికన్ పుస్తకం) ప్రకారం ఆ పేరు పెట్టాలంటే చావు, తీవ్ర గాయం, లైంగిక హింస వీటిలో ఒకటి ఎదురై ఉండాలి. రెండేళ్ల వెక్కిరింత ఆ గీత దాటదు. నాకు ఆ గీతతో పేచీ ఉంది, అయినా గీత గీతే. సోషల్ యాంగ్జయిటీ, అంటే నలుగురిలో మాట్లాడాలంటే భయం, పాతది. దాని మీద ఆ బంధువుల పెళ్లి తరవాత ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా) చెప్పే అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్ చేరింది: ఒకే సంగతి చుట్టూ మనసు తిరుగుతూనే ఉండడం, రోజువారీ పని కుంటుపడడం. దిగులుని కొలిచే ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో మధ్యస్థ స్థాయి దిగులు. చనిపోవాలన్న ఆలోచన లేదు. మాస్టారిని ఏమైనా చేయాలనిపించిందా అని సూటిగానే అడిగాను. ఇంత కోపం ఉన్నచోట ఆ ప్రశ్న మొహమాటపడి వదిలేయకూడదు. "చేతికర్ర లాక్కోవాలనిపించింది" అని కొంచెం నవ్వాడు.

అదే సిటింగులో ఇంకో సంగతి బయటపడింది. కూతురు పుట్టినప్పుడు నక్షత్రం ప్రకారం 'ప' అక్షరంతో పేరు పెట్టమన్నారు పంతులుగారు. ఇతను ససేమిరా అన్నాడు. పెద్ద గొడవైంది, అత్తగారు అలిగి వెళ్లిపోయారు. ఆయనకి జాతకాల మీద నమ్మకం లేదు కాబోలనుకుంది భార్య ఇన్నాళ్లూ. అసలు సంగతి, 'ప' దగ్గర అతని మాట ఆగుతుంది. సొంత కూతురిని పిలవలేని తండ్రినవుతానని భయపడి 'అ'తో పెట్టించాడు. భార్య ఈ మాట మొదటిసారి నా గదిలో విన్నది. కాసేపు ముగ్గురం ఏమీ మాట్లాడలేదు.

ముందు చేసినవి

సైకియాట్రిస్టుతో మాట్లాడి నిద్రకి కొద్దికాలం మందు ఇప్పించాం. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపాను. ఈ వయసులో ఇంకేం లాభమని కొన్ని వారాలు వాయిదా వేశాడు. ఛాతీ పట్టేసినప్పుడు చేయాల్సిన శ్వాస పద్ధతి నేర్పాం. ఇవన్నీ అవసరమే, ఎమర్జెన్సీ పరుగులు ఆగాయి. అసలు సంగతి కదల్లేదు.

ఈలోగా ఇంట్లో పెద్దలు తమ వైద్యం మొదలుపెట్టారు. "గురువుగారు కదా, వదిలేయ్ నాన్నా. సింహాచలం వెళ్లి ఒక దండం పెట్టుకునిరా, మనసు తేలికపడతాది." వెళ్లాడు, కొండ దిగేసరికి కోపం రెట్టింపైంది. క్షమించడం మంచిదే, కానీ తప్పు జరిగిందని ముందు ఎక్కడో ఒకచోట ఖాయం కావాలి. అది కాకుండా క్షమించమంటే నోరు మూసుకోమన్నట్టే వినిపిస్తుంది.

తరవాత ఖాళీ కుర్చీ పద్ధతి వాడాం. ఎదురుగా కుర్చీ వేసి అందులో మాస్టారు ఉన్నట్టు మాట్లాడడం, ఆపైన కుర్చీ మారి మాస్టారి తరఫున జవాబివ్వడం. చాలామందికి పనిచేసిన పద్ధతి. ఇతనికి మొదటి సగం బాగానే నడిచింది. మాస్టారి కుర్చీలో కూర్చోగానే గడగడా క్షమాపణ చెప్పేసి, తిరిగి తన కుర్చీలోకొచ్చి నీరసంగా అన్నాడు: "ఆ డైలాగు నేను రాసిందే కదా మేడం." అక్కడితో ఆపాను. ఆ మనిషి నోట వినాలన్న ఆకలి ఉన్నవాడికి తన నోటితో తనే చెప్పుకున్న క్షమాపణ ఎంగిలి కూడులా ఉంది.

అప్పుడు అతనే అన్నాడు, వెళ్లి కలుస్తానని. వద్దనలేదు, తొందరపెట్టలేదు. మూడు రకాల జవాబులకి సిద్ధపడాలని చెప్పాను: ఒప్పుకోవడం, బుకాయించడం, గుర్తులేదనడం. మొదటి రెండూ కాగితం మీద చక్కగా రాసుకొచ్చాడు. మూడోదాని కింద ఖాళీ. "రెండేళ్లు చేసింది ఎవరైనా మర్చిపోతారా?" అన్నాడు. ఆ ఖాళీ నిండేదాకా ఆగమన్నాను. ఆ వారంలోనే బావగారిని తోడు తీసుకుని వెళ్లొచ్చేశాడు.

ఆ ఇంట్లో జరిగింది

మాస్టారు అరుగు మీదే కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. జ్ఞాపకశక్తి అద్భుతంగా ఉంది. ఫలానా ఏడు టెన్త్‌లో ఎవరికి ఎన్ని మార్కులు, తుఫానుకి ఏ బ్లాకు రేకులు లేచిపోయాయి, ఎవరికి స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చింది, అన్నీ చెప్పారు. ఇతను కూడగట్టుకుని అన్నాడు: "నన్ను టైపు మిషన్ అనేవారు మాస్టారూ."

ఆయన కళ్లు చిట్లించి చూశారు. "నేనా? అలాగనేవాడినా? ఏమో బాబూ, గుర్తులేదే. అన్నా సరదాకే అని ఉంటాను." లోపలికి కేకేసి ఒక సంచీ మామిడిపళ్లు ఇప్పించారు. ఇతను ఆ సంచీ మోసుకుంటూ విశాఖ బస్సెక్కాడు. ఇంట్లో అందరూ తిన్నారు, అతను తప్ప.

తరవాతి రెండు వారాలు అంతకుముందు కంటే ఘోరం. కోపం పోయి దాని స్థానంలో అనుమానం వచ్చింది. "నేనే పెద్దది చేసుకున్నానేమో. ఆయనకి అన్నీ గుర్తున్నాయి, ఇదొక్కటే లేదంటే, అసలంత జరిగిందా?" లెక్కల మనిషి కాబట్టి అతని భాష అదే: "నా దగ్గర బిల్లు ఉంది మేడం, ఆయన బుక్కులో ఎంట్రీయే లేదు." ఈ దశ నాకు భయం కలిగించింది. ఎదుటివాడు మర్చిపోవడం బాధితుడి జ్ఞాపకాన్నే నిందితుడిగా నిలబెట్టింది.

నటిస్తున్నాడా, నిజంగా మర్చిపోయాడా? ఈ ప్రశ్న చుట్టూ అతను గిరగిరా తిరిగాడు. మనకి ఈ తికమక పాతదే. మహాభారతంలో దుష్యంతుడికి శకుంతల గుర్తుంది. లోకం ఏమంటుందోనని సభలో ఎరగనన్నాడు. కాళిదాసు నాటకంలో దుర్వాసుడి శాపం వల్ల నిజంగానే మర్చిపోయాడు. మనవాళ్లు ఇద్దరు దుష్యంతుల్నీ ఉంచుకున్నారు. సభలో నిలబడ్డ శకుంతలకి మాత్రం ఇద్దరి దగ్గరా ఒకే అవమానం. ఇది క్లయింట్‌తో అన్నాను. అతను వెంటనే పట్టుకున్నాడు: "అంటే ఆయన సంగతి తేలకపోయినా నా సంగతి తేలొచ్చన్నమాట." అక్కణ్నుంచి చికిత్స దారి మారింది.

నా అంచనా మాత్రం మాస్టారు నటించలేదనే. మామిడిపళ్ల సంచీ నటన కాదు. రోజూ చేసే పని విడిగా గుర్తుండదు. మొన్న మంగళవారం ఉదయం పళ్లెలా తోముకున్నామో ఎవరూ చెప్పలేం. ఆ క్లాసులో ఆయనకది హాజరు పిలవడం లాంటిది. ఒక్కసారి చేసి, సిగ్గుపడి ఉంటే గుర్తుండేదేమో. అలవాటుగా చేశారు కాబట్టే చెరిగిపోయింది. 1990లో మనస్తత్వవేత్త రాయ్ బౌమైస్టర్ బృందం చేసిన ఒక అధ్యయనం ఇక్కడ పనికొచ్చింది. తమకి ఎవరో కోపం తెప్పించిన సంఘటన ఒకటి, తామే ఎవరికో కోపం తెప్పించింది ఒకటి రాయమన్నారు. బాధితులుగా రాసినప్పుడు కథ ఏళ్ల తరబడి సాగింది, దాని ఫలితాలు ఇంకా నడుస్తున్నాయి. చేసినవాళ్లుగా రాసినప్పుడు అది అక్కడికక్కడే ముగిసిపోయిన చిన్న ముచ్చట. రెండూ రాసింది ఒకే మనుషులు. మనిషి మంచిచెడ్డల కంటే నిలబడ్డ చోటే ఆ తేడా తెస్తోంది.

ఇది వినగానే చాలామంది థెరపిస్టులకి ఒక మాట నాలిక చివరికొస్తుంది: "మనమూ ఎవరో ఒకరి కథలో విలన్లమే కదా." నేను ఆ మాట అనలేదు, అనకూడదనే నిర్ణయించుకున్నాను. అది నిజమే కావచ్చు. గాయం ఖాయంకాని మనిషితో అంటే మాత్రం ఇంకో పెద్దమనిషి "వదిలేయ్ నాన్నా" అన్నట్టే.

పనిచేసినవి

బుక్కులో ఎంట్రీ ఆయన దగ్గరే ఉండాలని ఎవరన్నారు? ఆ క్లాసులో ఇంకా నలభైమంది ఉన్నారు. వాళ్లలో ఒకరిని అడగొచ్చని అనుకున్నాం. ఎలా అడగాలన్న దాని మీద ఒక సిటింగు మొత్తం పోయింది. ప్రశ్నలో వాడే మాట జ్ఞాపకాన్ని మార్చేస్తుందని 1974లోనే మనస్తత్వవేత్తలు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చూపించారు. కార్లు గుద్దుకున్న అదే ఫిల్మ్ చూసినవాళ్లని "తగిలినప్పుడు" అనడిగితే ఒక వేగం, "తుక్కుతుక్కుగా గుద్దుకున్నప్పుడు" అనడిగితే అంతకంటే ఎక్కువ వేగం చెప్పారు. "మాస్టారు నన్ను ఏడిపించేవారు, గుర్తుందా?" అని అడిగితే స్నేహితుడు మొహమాటానికి అవునంటాడు, దాంతో ఇతని అనుమానం తీరదు. అందుకే "తొమ్మిదో క్లాసు తెలుగు పీరియడ్ గురించి నీకేం గుర్తుంది?" అన్న ప్రశ్న ఒక్కటే ఖాయం చేసుకున్నాం.

గాజువాకలో ఉంటున్న పాత క్లాస్‌మేట్‌కి ఫోన్ చేశాడు. ఫోన్ చేయడమే అతనికి గండం. అవతలి మనిషి కాసేపు ఏవో చెప్పి, ఆగి, గొంతు తగ్గించి "టింగ్" అన్నాడట. ఆ వెంటనే, "నేనూ కొట్టేవాడిని రా బల్ల. మా అబ్బాయి స్కూలుకెళ్లడం మొదలెట్టాక చాలాసార్లు గుర్తొచ్చింది. నీకెలా చెప్పాలో తెలీలేదు."

ఇతను మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి పడుకుని నిద్రపోయాడు. చాలా నెలల తరవాత మందు లేకుండా పట్టిన నిద్ర అది.

తన కోసం చట్టం కూడా వెతుక్కున్నాడు. 2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడంతోపాటు మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అతని స్కూలు రోజులకి ఆ చట్టం లేదు, ఇప్పుడు కేసు పెట్టేదీ లేదు. "సరదా" అన్నదానికి ప్రభుత్వం పుస్తకంలో వేరే పేరుందని తెలియడమే కావాల్సింది. ఆ సెక్షన్ ప్రింటు తీసి ఆఫీసు డ్రాయర్లో పెట్టుకున్నాడు.

జరిగింది జరిగిందని అతనికి గట్టిపడ్డాకే ఇమేజరీ రీస్క్రిప్టింగ్ (పాత దృశ్యాన్ని ఊహలో తిరగరాసే పద్ధతి) మొదలుపెట్టాను. ముందు చేసి ఉంటే ఊహల్లో ఇంకో నాటకమయ్యేది. కళ్లు మూసుకుని ఆ క్లాసులోకి వెళ్లడం, ఈసారి ఇప్పటి వయసుతో తలుపు తోసుకుని లోపలికి రావడం. మాస్టారితో ఏమంటావని అడిగాను. ఏమీ అనలేదట. నేరుగా మూడో బెంచీ దగ్గరికి వెళ్లి ఆ పిల్లాడి భుజం మీద చెయ్యేసి, పద్యం నత్తితోనే పూర్తయ్యేదాకా పక్కన నిలబడ్డాడట. మాస్టారి క్షమాపణ సీనులో ఎక్కడా రాలేదు. నేనూ అడగలేదు.

చివరిది ద్వారకా బస్‌స్టేషన్ ఎంక్వయిరీ దగ్గర. స్పీచ్ థెరపిస్టు సూచన: నత్తిని దాచకుండా, కావాలనే తడబడుతూ మాట్లాడడం. దాచాలన్న ప్రయత్నం పోతే భయానికి ఊతం పోతుంది. మామూలుగా అతను 'ప' ఊళ్ల పేర్లు నోట పలకడు, కాగితం మీద రాసి చూపిస్తాడు. ఆ రోజు వెనక లైన్లో జనముండగా "ప-ప-ప-పాడేరు బస్సు ఎన్నింటికి?" అని అడిగాడు. కౌంటరాయన తలెత్తకుండానే టైము చెప్పాడు. వెనకనున్న ముసలమ్మ "బేగి అడగవయ్యా బావూ" అంది. అంతకుమించి ప్రపంచంలో ఏమీ జరగలేదు. నా గదిలో ఆ ముసలమ్మని అనుకరిస్తూ పడీ పడీ నవ్వాడు.

ఇందులో దాచుకున్నవి

ఎవరైనా పాత మనిషిని నిలదీస్తానంటే ఇప్పుడు ముందుగా అడుగుతున్నది: ఆయనకి గుర్తులేకపోతే? ఈ ప్రశ్నకి జవాబు రాయలేని దశలో ఉన్నవాళ్లతో, ఆ జవాబు మీదే పనిచేస్తున్నాను. సాక్షి దొరికే అవకాశముంటే దాన్ని చికిత్సలో తొందరగా తెస్తున్నాను. అందరికీ సాక్షులుండరు. ఇంట్లో తలుపులేసి జరిగినవాటికి అసలే ఉండరు, అక్కడ ఈ దారి నడవదు. ఇతనికి తోడు నిలబడ్డ భార్య, నిజం చెప్పిన స్నేహితుడు ఉన్నారు. ఆ అదృష్టాన్ని నా పద్ధతి గొప్పగా జమకట్టుకోను.

ఆ తరవాత

సెప్టెంబరు 5కి ముందు స్కూలు వాట్సాప్ గ్రూపులో మాస్టారికి సన్మానం అనుకున్నారు. చందా అడిగారు. వెళ్లాలా, మానాలా, ఏమైనా రాయాలా అని మాట్లాడుకున్నాం. నిర్ణయం అతనిదే. చందా ఇవ్వలేదు, తిట్టలేదు. నత్తి ఉన్న పిల్లాడిని రెండేళ్లు క్లాసులో ఏం చేశారో నాలుగు వాక్యాల్లో రాసి, సన్మానానికి రాలేనని పెట్టాడు. గ్రూపు ఒక పూటంతా మౌనం. "ఇప్పుడవన్నీ ఎందుకు బ్రదర్" అని ఒకరు. విడిగా మెసేజ్ చేసినవాళ్లు కొందరు, వాళ్లలో ఒకావిడ తన పేరు కూడా జత చేయమంది. సన్మానం జరిగింది, శాలువా కప్పారు. ఆ ఫోటోలు చూశాడు, ఆ రాత్రి నిద్రపోయాడు కూడా.

నత్తి ఉంది, ఉంటుంది. బీపీ మాత్ర నడుస్తోంది. జూన్‌లో బడులు తెరిచే వారం ఇప్పటికీ చిరాగ్గానే గడుస్తుందట. ఆఫీసులో మూడోసారి అడిగినప్పుడు పైమెట్టుకి ఒప్పుకున్నాడు. మొదటి రివ్యూ మీటింగులో రెండు చోట్ల మాట ఆగింది, ఆగినంతసేపూ అందరినీ ఆగనిచ్చాడు. కూతురికి పేరు కథ చెప్పాలా వద్దా అని భార్యాభర్తలు ఇంకా వాదించుకుంటున్నారు. ఆవిడ చెప్పాలంటోంది, అతను ఇంటర్ పరీక్షలయ్యాక చూద్దామంటున్నాడు.